ఎడమ మడమ రీడింగు

కొండకీ మెట్లే, కాళ్ళకీ మెట్లే మాకు.
"మెట్లు ఇప్పి లోపలికి రామే" అంటుంది మా అమ్మ,
చెప్పుల్ని.
అందరూ వాటిని ఇప్పేసి నడవడానికొచ్చే తిరపతిలో
కార్తీకమాసం ముసురులో
నీళ్ళు తాగని ఒక జత కోసం
నేను అంగడంగడీ ఎక్కి దిగినాను.

పేరు ఢిల్లీరాణి.
పని, కరెంటు మీటర్లు చూసేది.
పనబాకం, రంగంపేట, నాగపట్ల,
దినానికి నూటిరవై ఇండ్లు,
నడాన మడి గెనిమలు, వంకలు, జారే బండలు.
బిల్లు కొట్టే మిషనుకి వానకవరు ఇచ్చినారు.
నాకియ్యలేదు.
వేళ్ళ సందులు తెల్లగా నాని ఒరుసుకుపోయి
రాత్రిపూట పసుపూ కొబ్బరినూనే రాసుకుంటా ఉంటే
"ఎవురికి పాదపూజ?" అన్నాడు మా ఆయన,
తన వాక్యానికి తానే నవ్వుకుంటా.

గాంధీరోడ్డులో మొదటి అంగడి.
"వాటర్‌ప్రూఫ్ ఉండాది మేడమ్."
నాలుగువేల తొమ్మిదొందల తొంబైతొమ్మిది.
ముట్టుకుని చూసి, చెయ్యి తుడుచుకుని, దిగేసినాను.
రెండో అంగడి.
"లేడీసుకి ఆ మాడల్ రాదు."
లేడీసుకి వాన గూడా రాకుంటే ఎంత బాగుండు.
సీతాకోకచిలక అంటించిన రోజారంగు బూట్లు చూపించినాడు,
చిలక అప్పుడే ఒక రెక్క ఊడి ఉండాది.
మూడో అంగడిలో పాలడైరీవోళ్ళ గమ్ బూట్లు.
మూడొందల యాభై. చెరువులో దిగినా చుక్క రాదు, నిజమే.
అయితే పిక్క కొరుకుతుంది,
గుబుక్ గుబుక్ మంటుంది,
వాటితో కుక్క ముందర పరిగెత్తలేను.
మీటరు చూసేదానికి
బూటుకి మొదటి పరీక్ష కుక్కే, వాన కాదు.

చంద్రగిరి బస్టాపు కాడ,
ఇన్సూరెన్సు బ్యానరు కప్పుకున్న గొడుగు కింద
ఆర్ముగం తాత.
గోనెసంచిలోంచి తీసినాడు ఒక జత:
మట్టిరంగు, పొట్టి మెడ, తోలు మెత్తబడి
మనిషి నడకకి అలవాటు పడినట్టు ఉండాయి.
"ఫారెస్టు గార్డువి. కుట్టమని ఇచ్చి రెండేండ్లాయ.
కూలీ రాలేదు, మనిషీ రాలేదు."
ఏమైనాడు తాతా అంటే
"బదిలీ అయ్యుంటాడు" అన్నాడు,
దారం పంటితో తెంపుతా, నా పక్క చూడకుండా.

ఆరొందల యాభై చెప్పి ఆరొందలకి దిగినాడు.
ఒక సైజు పెద్దవి; కార్కు కోసి అడుగున పరిచినాడు.
నాలికని రెండు పక్కలా మైనం దారంతో కలిపినాడు,
"నీళ్ళు దొంగ మాదిరమ్మణ్ణీ,
గోడ దూకవు, సందు చూసుకుంటాయి."
ఇంటికి పొయ్యి నిండా నీళ్ళు పోసి
రాత్రంతా వేలాడదీయమన్నాడు.
లోపలియ్యి బయటికి రాకుంటే
బయటియ్యి లోపలికి రావంట.

బాత్రూము మేకుకి రెండు చేదల మాదిరి తగిలించి
కింద పాత పేపరు పరిచినాను.
అర్ధరాత్రి రెండుసార్లు లేచి చూసినాను,
చంటిబిడ్డ ఊపిరి చూసినట్టు.
తెల్లారి కుడిబూటు కింద పేపరు
పొడిగా, మొన్నటి వార్తలతో ఉండాది.
ఎడమదాని కింద
రూపాయి బిళ్ళంత మరక.

గెలిచినానని మా ఆయన్ని లేపినాను.
ఆయన ఒక కన్నే తెరిచి
"సరే, ఇప్పుడు వీటిని ఆరబెట్టేదెట్ట?" అన్నాడు.
నీళ్ళు రానియ్యని బూటు
వచ్చిన నీళ్ళని పోనియ్యదు గూడా.
ఎండ లేదు. ఫ్రిజ్జు వెనకాల మూడు దినాలు,
లోపల పేపరు ఉండలు కుక్కి.
ఆ మూడు దినాలూ పాత చెప్పులతోనే
నాగపట్ల వంక దాటినాను, తిట్టుకుంటా.

నాలుగో దినం వాన.
నూటిరవై ఇండ్లు. మూడు కుక్కలు.
సాయంత్రం గడపలో కూచ్చుని,
బయట గుంతలో ఇంకా చినుకులు పడతా ఉంటే,
మేజోళ్ళు ఇప్పి వేలితో నొక్కి చూసుకున్నాను.
కుడి: సున్నా.
ఎడమ మడమ: ఒక రూపాయి.
నెలకింతైతే
కట్టుకుంటాను.